మందుపెట్టె పట్టిన మఠకన్యలు

దయ ఒక మనిషి హృదయంలో పుడుతుంది. ఆ మనిషితోనే అది అంతరించిపోకుండా ఉండాలంటే దానికొక వ్యవస్థ కావాలి. శిక్షణ పొందిన చేతులు కావాలి. ఒక్కొక్కప్పుడు అడ్డు నిలిచిన పాత కట్టుబాటును సడలించే సాహసం కూడా కావాలి. గుంటూరు కథోలిక మేత్రాసనంలో వైద్యసేవ సాగిన తీరు ఈ మూడింటికీ నిదర్శనంగా చెప్పదగినది. మేత్రాసనమంటే ఒక బిషప్పు పాలనలో ఉండే చర్చి మండలం. గుంటూరు మేత్రాసనం అధికారికంగా ఏర్పడినది 1940లో. అయితే అక్కడి సేవాచరిత్ర అంతకు చాలా ముందే ప్రారంభమైంది. ఆ చరిత్రలోని ఒక ఘట్టం దేశమంతటా విస్తరించిన ఒక ఆరోగ్య సంస్థకు పునాదిరాయి అయింది.

పూర్వరంగం

తెలుగునాట కథోలిక మతం వేళ్ళూనినది 18వ శతాబ్దారంభంలో. 1701లో జెస్విట్ గురువులు పుంగనూరులో కర్ణాటక మిషనును నెలకొల్పారు. యుద్ధాలవల్ల, కరవులవల్ల వలస బయలుదేరిన విశ్వాసులు కొందరు క్రమంగా కృష్ణానదికి దక్షిణంగా ఉన్న పల్లెలలో స్థిరపడ్డారు. ఫిరంగిపురం అట్టి పాత విచారణలలో ప్రసిద్ధమైనది. 1773లో పోపు ఉత్తరువుతో జెస్విట్ సభ రద్దయిన తరువాత చాలాకాలం ఈ క్రైస్తవులను పట్టించుకునే గురువులే కరవయ్యారు. 1875లో ఇంగ్లండులోని మిల్ హిల్ సభకు చెందిన గురువులు మద్రాసు మండలంలో అడుగుపెట్టిన పిమ్మట ఈ ప్రాంతంలో చర్చిలు, బడులు పుంజుకున్నాయి.

వారు వచ్చిన మరుసటి సంవత్సరమే ధాతు కరవు విరుచుకుపడింది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు ఆకలికి, ఆకలి వెంట వచ్చిన అంటురోగాలకు బలి అయ్యారు. అన్ని శాఖల మిషనరీలూ గంజి కేంద్రాలు నడిపారు, అనాథ శిశువులను చేరదీశారు. సేవకు, మతాంతరీకరణకు మధ్యనున్న సంబంధాన్ని గురించిన ప్రశ్న తెలుగుదేశంలో గట్టిగా తలెత్తినది కూడా అప్పుడే. గుంటూరుకు దక్షిణాన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలాది బీదలకు కూలి కల్పించారు. కూలికోసం, తిండికోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని కరవు రోజులలో ఆయన బాప్తిస్మాలను నిలిపివేశారు. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టిన చేతిమీద కృతజ్ఞత ఎంత, విశ్వాసం ఎంత అన్న వాదం అప్పటినుండి నేటివరకు తెగలేదు. మిషను సేవలను గురించి నిష్పాక్షికంగా ఆలోచించేవారెవరూ ఈ ప్రశ్నను దాటవేయలేరు.

1904లో హాలండు నుండి యేసు మరియ జోజప్ప సభకు చెందిన మఠకన్యలు గుంటూరు వచ్చారు. ఈ సభ 1822లో హాలండులోనే స్థాపితమైనది. బాలికలకు చదువు చెప్పడం, అనాథలను పెంచడం వారి ప్రధాన కార్యక్రమాలు. అయితే బడికి వచ్చే పిల్లల వెనుక రోగపీడితులైన తల్లులు ఉన్నారు. పుండుకు కట్టు కట్టడం, జ్వరానికి మందు ఇవ్వడం మఠం గుమ్మంలోనే తప్పనిసరి అయింది. అంతకు మించిన అవసరం ఎదురైనప్పుడు మాత్రం వారి చేతులు కట్టుబడి ఉండేవి.

తల్లుల మరణం, చర్చి నిషేధం

ఆనాటి స్త్రీల ఆరోగ్య పరిస్థితి నేటి పాఠకుల ఊహకు అందనిది. 20వ శతాబ్దపు తొలి దశకాలలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 200 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. పురుడు మంత్రసాని చేతిమీదుగా జరగవలసిందే. బిడ్డ అడ్డం తిరిగితే, రక్తస్రావం ఆగకపోతే, పురిటి వాతం కమ్మితే ఇక దేవుడే దిక్కు. పట్టణంలో డాక్టరు ఉన్నా ఆయన పురుషుడు. పరాయి మగవాడి చేత పరీక్ష చేయించుకోవడంకంటే చావే మేలని భావించే కుటుంబాలు హిందువులలోనూ ముస్లిములలోనూ ఉండేవి. ఈ ఇబ్బందిని గుర్తించే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర స్త్రీ వైద్యసహాయ నిధి ఏర్పడింది. తెలుగువారికి పరిచితమైన 'ఘోషాసుపత్రి' అన్న మాట ఆ పరిస్థితులనుండి పుట్టినదే.

ఈ రంగంలో ప్రొటెస్టంటు మిషనులు ముందు నడిచాయి. అమెరికన్ లూథరన్ వైద్యురాలు ఆనా కూగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చి స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి నెలకొల్పారు. 1930లో మరణించే వరకు ఆ ఊరినే అంటిపెట్టుకొని ఉన్నారు. వేలూరులో ఐడా స్కడర్ 1918లో ఏకంగా మహిళా వైద్య పాఠశాలనే ప్రారంభించారు. కథోలిక మఠకన్యలు మాత్రం ఎందుకు వెనుకబడ్డారు?

వారికి జాలి కొరవడి కాదు. చర్చి చట్టం అడ్డుపడింది. మఠవ్రతం స్వీకరించిన స్త్రీలు వైద్యవృత్తి చేయరాదు. శస్త్రచికిత్స, అందునా ప్రసూతి వైద్యం, బ్రహ్మచర్య వ్రతానికి తగనివని శతాబ్దాలనాటి అభిప్రాయం. రోగికి ఉపచర్య చేయవచ్చు, పక్కన కూర్చొని ప్రార్థించవచ్చు. ప్రాణం కాపాడే చికిత్సమాత్రం చేయకూడదు. పురుష వైద్యుని దగ్గరకు వెళ్ళలేని స్త్రీకి స్త్రీ సన్యాసిని దగ్గర కూడా వైద్యం దొరకని స్థితి అది.

ఈ నిషేధాన్ని మొదట ప్రశ్నించినవారిలో స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ ప్రముఖురాలు. 1837లో జన్మించిన ఆమె అరవై ఏళ్ళు దాటిన తరువాత కథోలిక మతం స్వీకరించారు. 1910 ప్రాంతంలో, ఏడు పదులు దాటిన వయస్సులో, రావల్పిండిలో స్త్రీలకు, పిల్లలకు ఒక ఆసుపత్రి నెలకొల్పడానికి పూనుకున్నారు. మఠకన్యలకు వైద్యం చేసే అనుమతి ఇవ్వవలసిందని పలుమార్లు రోముకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. అనుమతి రాలేదు. 1913లో ఆమె మరణించారు. అయితే ఆమె జీవితగాథ ఒక చిన్న పుస్తకంగా అచ్చయి దేశదేశాలకు ప్రయాణం చేసింది.

మెల్బోర్న్ నుండి గుంటూరుకు

ఆ పుస్తకం 1915 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఒక యువ వైద్యురాలి చేతికి చిక్కింది. ఆమె పేరు మేరీ గ్లౌరీ. విక్టోరియా రాష్ట్రంలో ఒక చిన్న పల్లెలో 1887లో పుట్టి, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1910లో పట్టా పొందారు. స్త్రీలు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. అయినా ఆమె మెల్బోర్న్‌లో మంచి పేరు తెచ్చుకున్నారు. 1916లో కథోలిక స్త్రీల సాంఘిక సేవాసమాజానికి తొలి అధ్యక్షురాలయ్యారు. సుఖంగా సాగిపోదగిన జీవితమే. కాని ఇండియాలో తల్లులు, బిడ్డలు వైద్యం లేక మరణిస్తున్నారని చదివినప్పటినుండి ఆమె మనస్సు అక్కడ నిలువలేదు.

ఆమె వెంటనే పరుగెత్తి ఓడ ఎక్కలేదన్నది గమనార్హం. ముందు తన చదువును ఆ పనికి తగినట్టు తీర్చిదిద్దుకున్నారు. ప్రసూతి, స్త్రీరోగ, నేత్ర వైద్యాలలో ప్రత్యేక కృషి చేసి 1919లో ఎం.డి. పట్టా పొందారు. ఇండియా పల్లెలలో ఏవి ఎక్కువ అవసరమో చూచి ఎంచుకున్న విద్యలివి. 1920 జనవరిలో మెల్బోర్న్ విడిచి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. యేసు మరియ జోజప్ప సభలో చేరి 'తిరుహృదయపు సిస్టర్ మేరీ' అన్న మఠనామం స్వీకరించారు.

ఇక్కడే పాత నిషేధం మళ్ళీ ఎదురైంది. మఠవ్రతం తీసుకుంటే వైద్యం వదలాలి. వైద్యం చేస్తే మఠవ్రతానికి దూరం కావాలి. ఈ చిక్కును జగద్గురువు పోపు 15వ బెనెడిక్ట్ ఇచ్చిన ప్రత్యేకానుమతి విడదీసింది. వ్రతధారిణిగా ఉంటూనే వైద్యవృత్తి సాగించిన తొలి కథోలిక మఠకన్యగా ఆమె చరిత్రకెక్కారు. మెక్లారెన్ రోము గుమ్మంలో పెట్టిన మొర గుంటూరులో తొలి ఫలితాన్ని చూచింది.

చిన్న మందుల గదితో మొదలైన పని సెయింట్ జోజఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. గుంటూరు మిషనులో ఏళ్ళ తరబడి ఆమె ఒక్కరే వైద్యురాలు. ఎండలో, వానలో పల్లెలకు పోయి రోగులను చూడవలసివచ్చేది. తెలుగు నేర్చుకోవలసివచ్చింది. లక్షల సంఖ్యలో రోగులు ఆమె చేతిమీదుగానూ, ఆమె తీర్చిదిద్దిన సిబ్బంది చేతిమీదుగానూ చికిత్స పొందారు.

అయితే ఆమె దూరదృష్టి మరొక విషయంలో బయటపడుతుంది. రోగుల ప్రవాహం ఎడతెగనిదని, తన రెండు చేతులు దానికి చాలవని ఆమె తొందరగానే గ్రహించారు. స్థానిక యువతులకు మందులు కలపడం, రోగులకు ఉపచర్య చేయడం, పురుళ్ళు పోయడం నేర్పించారు. విదేశీ మందులు ఖరీదైనవి, ఓడలమీద రావలసినవి. అందుచేత ఈ దేశపు మూలికలను, నాటు వైద్యాన్ని శ్రద్ధగా పరిశీలించి, తక్కువ ఖర్చుతో మందులు తయారు చేయించారు. పాశ్చాత్య వైద్యం చదివినవారు దేశీయ వైద్యాన్ని చిన్నచూపు చూచే ఆ రోజులలో ఇది చెప్పుకోదగిన విశేషం. పరదేశం నుండి వచ్చిన సేవ ఈ నేలలో నాటుకొనినది ఇట్టి పనులవల్లనే.

మండలం చిన్నదై, సంఘం పెద్దదై

ఈలోగా పరిపాలనలోనూ మార్పులు వచ్చాయి. అప్పటివరకు మద్రాసు అగ్రపీఠంలో ఉన్న ఈ ప్రాంతం 1928లో కొత్తగా ఏర్పడిన నెల్లూరు మేత్రాసనంలో చేరింది. 1940లో గుంటూరు వేరయింది. తొలి బిషప్పుగా తెలుగువారైన పోతకమూరి తోమాసు నియమితులయ్యారు. మేత్రాసనం పరిధి చిన్నదైనకొద్దీ పాలన ప్రజలకు చేరువయింది. నాయకత్వం విదేశీయుల నుండి స్వదేశీయులకు మారింది. ఈ మార్పు రాజకీయ స్వాతంత్ర్యం కంటే ఏడేళ్ళు ముందే జరిగింది.

1936 ఫిబ్రవరి 11న రోము నుండి చారిత్రకమైన ఉత్తరువు వెలువడింది. మఠకన్యలు ప్రసూతి వైద్యంతో సహా వైద్యవృత్తి చేయవచ్చునని, మిషను దేశాలలోని తల్లుల, శిశువుల రక్షణ కోసం ఇది అవసరమని అందులో స్పష్టం చేశారు. మెక్లారెన్ ప్రోత్సాహంతో వైద్యం చదివి, 1920లో రావల్పిండి చేరి, 1925లో అమెరికాలో వైద్య మిషను సోదరీల సభను స్థాపించిన ఆస్ట్రియా వనిత ఆనా డెంగెల్ కృషికి ఇందులో పెద్ద పాలు ఉంది. గుంటూరులో ఒక్కరికి ప్రత్యేకంగా లభించిన అనుమతి పదహారేళ్ళలో లోకంలోని మఠకన్యలందరికీ హక్కుగా మారింది.

మరి ఒక్కొక్క మఠం, ఒక్కొక్క ఆసుపత్రి తన మానాన తాను పనిచేసుకుంటే సరిపోతుందా? సిస్టర్ మేరీకి ఈ ప్రశ్న తోచింది. దేశంలో కథోలిక ఆసుపత్రులు అక్కడక్కడ వెలిశాయి. ఒకదానికొకటి తెలియదు. ప్రభుత్వంతో మాట్లాడవలసివస్తే అందరి పక్షాన మాట్లాడేవారు లేరు. నర్సుల శిక్షణకు, మందుల సరఫరాకు ఉమ్మడి ఏర్పాటు లేదు. 1943 జూలై 29న ఆమె మరి 16 మంది మఠకన్యలతో కలిసి కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులు. బెంగాలులో కరవు తాండవిస్తున్న రోజులు. స్వతంత్ర భారత ఆరోగ్య విధానానికి పునాది వేసిన భోర్ సంఘాన్ని ప్రభుత్వం నియమించినది కూడా ఆ ఏడాదిలోనే. ఊరూరా ఆరోగ్యకేంద్రం ఉండాలన్న ఆలోచన దేశంలో రూపుదిద్దుకుంటున్న వేళ గుంటూరులోని కొందరు సన్యాసినులు తమ వంతు సిద్ధపాటు ఆరంభించారన్నమాట.

ఆమె మనస్సులో మరొక కోరిక ఉండేది. వైద్యనీతికి కట్టుబడిన డాక్టర్లను, నర్సులను తయారుచేసే ఒక కథోలిక వైద్య కళాశాల ఈ దేశంలో రావాలి. క్యాన్సరుతో బాధపడి, 1957 మే 5న బెంగళూరులో కన్నుమూసేనాటికి ఆ కోరిక తీరలేదు. ఆరేళ్ళ తరువాత, 1963లో, అదే బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. అప్పుడు అక్కడ అగ్రపీఠాధిపతిగా ఉన్నవారు, ఒకప్పటి గుంటూరు తొలి బిషప్పు పోతకమూరి తోమాసుగారే. ఆయన 1942లోనే బెంగళూరు పీఠానికి మారారు. పట్టా పొందినవారు కొంతకాలం వెనుకబడిన గ్రామీణ ప్రాంతాలలో పనిచేయాలన్న నియమాన్ని ఆ కళాశాల పెట్టుకుంది.

దానం నుండి హక్కు వైపు

1962లో ఆరంభమై 1965లో ముగిసిన రెండవ వాటికన్ మహాసభ కథోలిక చర్చి దృక్పథాన్నే మార్చివేసింది. బీదవానికి దానం చేయడంతో బాధ్యత తీరదని, అతడు బీదవాడుగా ఉండడానికి కారణమైన పరిస్థితులను మార్చడం కూడా ధర్మమేనని చర్చి చెప్పసాగింది. 1962లోనే మనదేశంలో 'కారితాస్ ఇండియా' ఏర్పడింది. మేత్రాసనాలలో సాంఘిక సేవాసంఘాలు వెలిశాయి. బావులు త్రవ్వడం, ఇళ్ళు కట్టడం, స్త్రీలకు కుట్టుపని నేర్పడం, పొదుపు సంఘాలు పెట్టించడం వాటి పనులయ్యాయి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఈ వ్యవస్థలకు అగ్నిపరీక్ష. కృష్ణా, గుంటూరు జిల్లాల తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలమంది. ప్రభుత్వంతోపాటు వివిధ మత సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు సహాయానికి దిగాయి. శవాలను దహనం చేయడంతో, అన్నం పొట్లాలు పంచడంతో సేవ ఆగిపోతే చాలదని, గాలివానకు కూలని ఇళ్ళు, ముందు హెచ్చరిక, తల దాచుకునే తుపాను భవనాలు కావాలని అందరికీ తెలిసివచ్చినది అప్పుడే.

ఆసుపత్రుల సంఘంలోనూ ఇట్టి పరిణామమే కనబడుతుంది. రోగి మంచం దగ్గరకు చేరేదాకా ఆగకుండా, రోగమే రాకుండా చూడాలన్న ఆలోచనతో 1980 దశకంలో సంఘం గ్రామీణ సామాజిక ఆరోగ్యం వైపు మొగ్గింది. 'ఆసుపత్రుల సంఘం' అన్న పేరు తరువాతి కాలంలో 'ఆరోగ్య సంఘం'గా మారింది. నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఈ సంస్థలో సుమారు మూడున్నర వేల ఆసుపత్రులు, డిస్పెన్సరీలు, ఆరోగ్యకేంద్రాలు సభ్యులు. వాటిలో అధికభాగం పెద్ద నగరాలలోని భవంతులు కావు. ఒకరిద్దరు నర్సులు నడిపే పల్లె డిస్పెన్సరీలు. 2013 మార్చిలో చర్చి సిస్టర్ మేరీని 'దైవసేవకురాలు'గా ప్రకటించింది. పునీతురాలిగా గుర్తించే సుదీర్ఘ ప్రక్రియలో అది తొలిమెట్టు.

మిగిలిన ప్రశ్నలు

ఈ చరిత్రలో ప్రశంసతోపాటు పరిశీలనకూ చోటుంది. సమానత్వాన్ని బోధించిన చర్చిలోనే కులభేదాలు నిలిచి ఉన్నాయన్నది దళిత క్రైస్తవుల ఆవేదన. మతం మారినా అంటరానితనపు గాయం మానలేదని, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువువల్ల షెడ్యూల్డు కులాల సదుపాయాలు కూడా దూరమయ్యాయని వారు ఎంతోకాలంగా చెబుతున్నారు. విదేశీ ధనం మీద ఆధారపడే సేవకు ఆ ధనం ఆగినప్పుడు ఏమి గతి అన్నది మరొక ప్రశ్న. దానికి తగినట్టు విదేశీ విరాళాల చట్టం 2020 సవరణ తరువాత మరింత కట్టుదిట్టమైంది.

వైద్యరంగమే పూర్తిగా మారిపోయింది. 1946లో గుంటూరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆ తరువాత ప్రైవేటు నర్సింగ్ హోములు, ఆపైన కార్పొరేటు ఆసుపత్రులు వెలిశాయి. 2007 నుండి ఆరోగ్యశ్రీ పథకం బీదలకు ఖరీదైన శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. ఖరీదైన యంత్రాలు కొనలేక, పెద్ద జీతాలు ఇవ్వలేక, ఉచితంగా వైద్యం చేయలేక మిషను ఆసుపత్రులు దేశమంతటా సతమతమవుతున్నాయి. ఫీజు పెంచితే ధ్యేయం దెబ్బతింటుంది. పెంచకపోతే తలుపులు మూసుకోవాలి. కొత్తగా మఠాలలో చేరే యువతుల సంఖ్య తగ్గడం దీనికి తోడైంది.

అయితే ఈ కష్టాలకు సమాధానం కూడా గుంటూరు చరిత్రలోనే దొరుకుతుంది. 1920లో అక్కడ స్త్రీలకు వైద్యం చేసే చేతులు కొరవడ్డాయి. ఆ లోటును చూచి ఒక వైద్యురాలు అందుకు తగిన చదువు చదువుకొని వచ్చారు. లోటు స్వరూపం కాలంతోపాటు మారుతుంది. నేడు పురుడు పోసే డాక్టరు దొరకకపోవడం అరుదు. కాని పిల్లలు పరదేశాలలో ఉండగా మంచాన పడిన వృద్ధులను కనిపెట్టుకొని ఉండేవారు కరవు. అంత్యదశలోని క్యాన్సరు రోగికి నొప్పి తగ్గించే వైద్యం చాలా జిల్లాలలో అందుబాటులో లేదు. మానసిక వ్యాధిగ్రస్తుణ్ణి దాచిపెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. లాభం రాదు గనుక మార్కెట్టు తొంగిచూడని చోట్లు ఇవి. ఆసుపత్రులమధ్య పోటీలో గెలవడంకంటే ఇట్టి చోట్లను వెదకి పట్టుకోవడమే ధార్మిక సంస్థలకు తగిన మార్గమని అనుభవజ్ఞుల అభిప్రాయం.

ఒక నిషేధం సడలడానికి ఒక తరం పట్టింది. ఒక సంఘం నిలబడడానికి పదిహేడు మంది స్త్రీలు చాలారు. ఒక వైద్య కళాశాల రావడానికి ఒక జీవితకాలం సరిపోలేదు. సేవకు కాలం కొలత ఇలాగే ఉంటుంది. మొదలుపెట్టినవారు చివరను చూడరు. చివరను చూచినవారికి మొదలుపెట్టినవారి పేరు తెలియకపోవచ్చు. నడుమ నున్నవారు పని ఆపకుండా ఉంటే చాలు, ఆ సేవ వారసులకు అందుతుంది.